కైకిలియస్ ఇల్లు

ఇటలీ దేశమున నేపుల్సు నగరమునకు చేరువగా వెసూవియస్ అను అగ్నిపర్వతము కలదు. క్రీ. శ. 79వ సంవత్సరమున అది బ్రద్దలై పాంపేయి పట్టణమును బూడిదతో కప్పివేసెను. 1748లో త్రవ్వకములు మొదలగువరకు ఆ పట్టణము మట్టి క్రిందనే యుండెను.

ఇంగ్లండులో లాటిను నేర్చు బాలబాలికలలో పెక్కుమందికి పాంపేయి పరిచితమైన ఊరు. 1970లో కేంబ్రిడ్జిలో వెలువడిన లాటిను వాచకపు మొదటి భాగము కైకిలియస్ అను షావుకారు ఇంటిలో నడచును. అతని భార్య, కుమారుడు, వంటవాడు, వాకిట కావలి కుక్క అందు పాత్రలు. తుదకు అగ్నిపర్వతము బ్రద్దలై కైకిలియస్ మరణించును. కుక్క మాత్రము యజమానిని విడిచి కదలదు. విభక్తులు మరచినవారును ఈ కుక్కను మరువరు!

కైకిలియస్ నిజముగా జీవించినవాడు. 1875లో అతని ఇంట నూటయేబదికి పైగా చెక్కపలకలు దొరకినవి. పూర్వము వానిపై మైనము పూసి, మొనదేలిన కలముతో వ్రాసెడివారు. మైనము నశించెను, చెక్క మాడి నల్లబడెను. అయినను కలపు మొన మైనమును దాటి చెక్కపై గీసిన గీతలు నిలిచినవి. పండితులు వానిని బట్టి చదివిరి. అవి వేలములకును, అద్దెలకును చెందిన రసీదులు.

పెక్కు పాఠశాలలవారు పిల్లలను పాంపేయికి తోడ్కొని పోవుదురు. రాతి వీధులలో బండిచక్రముల గాడులును, వీధి దాటుటకు నిలిపిన ఎత్తైన మెట్టురాళ్లును నేటికిని కలవు. కైకిలియస్ ఇంటి గుమ్మమున చిన్న రాళ్లతో పొదిగిన కుక్క బొమ్మ యున్నది. పాఠము చదివి వచ్చిన బాలుడు దానిని గుర్తించి అచ్చటనే ఆగును. చదువక వచ్చినవాడు శిథిలమైన గోడలను చూచి ముందునకు సాగును.

అయితే ఆ ఇల్లు వాచకమును ప్రశ్నించును. తేదీ తెలిసిన పలకలలో చివరిది క్రీ. శ. 62 జనవరి నాటిది. కొలది దినములకే, ఫిబ్రవరిలో, పాంపేయిని పెనుభూకంపము కుదిపినది. ఆ ఇంటి దేవతాపీఠమున దొరకిన చలువరాతి ఫలకముపై ఆలయమొకటి ప్రక్కకు ఒరుగుచున్నట్లు చెక్కియున్నది. కైకిలియస్ ఆ భూకంపముననే మరణించియుండునని కొందరు పండితుల ఊహ. అదియే నిజమైనచో, పిల్లలు తరగతిలో చదివిన మరణమునకు పదునేడేండ్ల ముందే అతడు గతించినట్లు! తరువాతి పలకలను వేరొకచోట దాచియుందురను వారును కలరు. పట్టణములో ఇంచుమించు మూడవవంతు ఇంకను మట్టి క్రిందనే యున్నది.