కార్బరేటర్, గాలి స్క్రూ, తిరుమల ఘాట్

మోటార్ సైకిల్ కార్బరేటర్‌లో పెట్రోలు పైకి లేవడానికి ఏ పంపూ ఉండదు. ఇంజను పీల్చుకునే గాలే ఆ పని చేస్తుంది. గొంతు వంటి ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి అక్కడ పీడనం పడిపోతుంది, అడుగున ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం బయటి పీడనమే ఉంటుంది కనుక, ఆ తేడా పెట్రోలును జెట్ అనే సన్నని రంధ్రం గుండా నెట్టి తుంపరగా చిమ్మిస్తుంది. 1893లో ఈ తుంపర పద్ధతిని బుడాపెస్ట్‌లో దోనాత్ బాంకి, యానోష్ చోంకా కలిసి, జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ వేరుగా సాధించారు. హంగరీ వారి పేటెంట్ దరఖాస్తు కొన్ని నెలలు ముందుదే అయినా కీర్తిలో పెద్ద వాటా మేబాక్‌కే దక్కింది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు పాలు పెరిగితే మిశ్రమాన్ని రిచ్ అని, గాలి పాలు పెరిగితే లీన్ అని అంటారు. అయితే ఇంజను గాలిని బరువుతో కాక ఘనపరిమాణంతో తీసుకుంటుంది. తిరుమల ఘాట్ మీద తేడా వచ్చేది ఇక్కడే. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల, కొండపైన గాలి సాంద్రత 6, 7 శాతం తగ్గుతుంది. అంతే మేరకు మిశ్రమం రిచ్ అవుతుందనుకోవడం సహజమే కానీ, పలుచని గాలి గొంతులో పుట్టించే పీడన భేదం కూడా 7 శాతం దాకా పడిపోతుంది, జెట్‌లో పెట్రోలు ప్రవాహం ఆ భేదపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి అదీ సుమారు 3 శాతం తగ్గి, చివరికి మిగిలే తేడా 3 శాతం చుట్టూనే ఉంటుంది. ఎవరూ పూనుకొని అమర్చకుండానే పరికరం తన పొరపాటులో సగాన్ని తానే దిద్దుకోవడం కార్బరేటర్‌లోని అసలు అందం. మే నెల మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో తిరుపతి గాలి జనవరి తెల్లవారుజాము నాటి గాలికన్నా 7 శాతం దాకా పలుచబడుతుంది. అంటే కొండ ఎక్కకుండానే దాదాపు అంత మార్పు ఊళ్లోనే జరుగుతుంది.

మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పే మిక్చర్ స్క్రూ ఈ ప్రవాహమంతటినీ శాసించదు. ఎక్సలేటర్ సగం తెరుచుకున్నప్పుడు స్లైడ్‌కు వేలాడే మొన దేలిన సూది, పూర్తిగా తెరిస్తే మెయిన్ జెట్ పెట్రోలును నిర్ణయిస్తాయి. స్క్రూ అధికారం బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, ఎక్సలేటర్ కొద్దిగా తెరిచినప్పుడు నడిచే స్లో జెట్ దారి వరకే. అందువల్ల కొండకు ఎక్కే దారైన రెండో ఘాట్ మీద వెళ్తున్నప్పుడు దాని పాత్ర స్వల్పం. 1944లో తెరుచుకున్న, ఇప్పుడు దిగే దారైన మొదటి ఘాట్ మీదుగా ఎక్సలేటర్ మూసి, గేరులో దిగుతున్నప్పుడు మాత్రం ఇంజనుకు అందే కొద్దిపాటి పెట్రోలు ఆ దారినే వస్తుంది, సైలెన్సర్‌లో టప్ టప్‌మనే శబ్దం ఎడతెగక వినిపిస్తే ఆ మిశ్రమం లీన్ అయి ఉండవచ్చు.

యమహా ఆర్‌ఎక్స్ 100లోని మికుని కార్బరేటర్‌లో ఉన్నది గాలిని నియంత్రించే స్క్రూ కనుక లోపలికి తిప్పితే రిచ్, బయటికి తిప్పితే లీన్ అవుతుంది. ఇంజను వైపున పెట్రోలు దారిలో స్క్రూ ఉండే కార్బరేటర్లలో వరస తారుమారు. ఇంజను బాగా వేడెక్కాక స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ ఐడ్లింగ్ గరిష్ఠంగా, నిలకడగా ఉండే చోట ఆపి, పెరిగిన వేగాన్ని ఐడిల్ స్క్రూతో తగ్గించాలి. స్క్రూను చివరిదాకా గట్టిగా బిగిస్తే దాని మొన కూర్చునే రంధ్రం చెడి, ఆపైన ఏ అమరికా నిలవదు.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలయ్యాక, సత్యవేడు మండలంలో కర్మాగారమున్న హీరో సహా చాలా సంస్థలు పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ సెన్సార్లతో కొలిచే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండి ఉన్నవారు కొండ ప్రయాణం కోసం కొండ కింది అలిపిరిలో స్క్రూ తిప్పించనక్కరలేదు; మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మిశ్రమాన్ని ఇంకా రిచ్ చేస్తుంది గనుక ముందుగా దాన్ని శుభ్రం చేయించుకోవాలి.