పిల్లలు తలుపు తీయకపోతే?

కోట గుమ్మం దాకా కథ బాగానే నడిచింది. లోపల ఏ గదిలో ఏముందో, నేలమాళిగ తాళంచెవి ఎక్కడ దాచారో అన్నీ కాగితం మీద రాసుకుని కూర్చున్నారు మీరు. ‘ఇప్పుడేం చేస్తారు?’ అని అడిగారు. పిల్లలు ఐదుగురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి ఒకమ్మాయి తేల్చి చెప్పింది: ‘మేం లోపలికి పోం టీచర్. ఆ కాపలా ఆయన పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు కదా, ఆకలేస్తోందేమో అడుగుతాం.’

కాపలా ఆయన గురించి మీ కాగితంలో ఉన్నది ఒక్క ముక్కే, చేతిలో ఈటె ఉంటుందని. ఆయన పేరేమిటో, పొద్దున ఏం తిన్నాడో, కోట యజమాని మీద కోపం ఉందో లేదో మీకు తెలియదు. పిల్లలు మాత్రం మీ మొహంలోకే చూస్తున్నారు.

రోల్‌ప్లేయింగ్ ఆటలు నడిపేవాళ్లందరికీ ఇది రోజూ ఎదురయ్యే క్షణమే. ఆట సంగతి తెలియని వారి కోసం రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ కథలో ఒక్కో పాత్ర. ఒకరు మాత్రం ఏ పాత్రా తీసుకోకుండా కథ నడుపుతారు. వారిని గేమ్ మాస్టర్ అంటారు. ఎదుట ఏం కనిపిస్తోందో వారు చెబుతారు, తమ పాత్ర ఏం చేస్తుందో ఆటగాళ్లు చెబుతారు. ఫలితం ఎటూ తేలనప్పుడు పాచిక వేస్తారు. బోర్డు ఉండాలని లేదు, కంప్యూటర్‌తో పనే లేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా ఆటల్లో అచ్చయిన మొదటిది. కత్తులు, రాక్షసులు అందులోని సరుకు. మన బల్ల మీద అవి ఉండి తీరాలని ఏమీ లేదు.

అసలు ఈ ఆట పుట్టిందే రాసుకున్న పథకం చెడిపోవడం వల్ల. 1969లో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు స్నేహితులతో యుద్ధాల ఆట ఆడించాలనుకున్నాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణం, దాని మీదికి వస్తున్న సైన్యాలు. సేనాపతులతో సరిపెట్టకుండా పట్టణంలోని పెద్దమనుషుల పాత్రలు కూడా కొందరికి ఇచ్చాడు. ఇక చూడండి. ఆటగాళ్లు బల్ల వదిలేసి మూలల్లో మంతనాలు మొదలుపెట్టారు. ఇద్దరు ద్వంద్వ యుద్ధానికి సవాలు విసురుకున్నారు. ద్వంద్వ యుద్ధానికి వెస్లీ దగ్గర నియమాలే లేవు. ఎవరేం అడిగితే దానికి అప్పటికప్పుడు తోచింది చెప్పుకుంటూ పోయాడు. ఆట పాడైపోయిందనుకుని ఇంటికెళ్లాడు. స్నేహితులేమో మళ్లీ ఎప్పుడు ఆడిస్తావని వెంటపడ్డారు. వాళ్లలో ఒకడే డేవ్ ఆర్నెసన్.

వెస్లీకి దారి చూపినది ఒక పాత పుస్తకం. చార్లెస్ టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి 1880లో రాసిన ‘స్ట్రాటెగోస్’. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దొరికింది. ఆటగాడు ఏ ప్రయత్నమైనా చేయవచ్చు, దాని ఫలితం ఏమిటో మధ్యవర్తి తేలుస్తాడు అన్నది అందులోని ఆలోచన. అంతకు నాలుగేళ్ల ముందే, 1876లో, ప్రష్యా సైన్యంలో వెర్డీ దు వెర్నువా అనే అధికారి యుద్ధాభ్యాసపు ఆటల్లోని లెక్కల పట్టికలు పక్కన పెట్టి అనుభవజ్ఞుడి తీర్పునే నమ్ముకోవాలన్నాడు.

ఈ విద్య మనకు మరీ కొత్తదేమీ కాదు. అష్టావధానం చూసినవారికి అప్రస్తుత ప్రసంగం గుర్తుండే ఉంటుంది. అవధాని సమస్యాపూరణంలో తలమునకలై ఉండగా ఒక పృచ్ఛకుడు సంబంధం లేని ప్రశ్న ఒకటి విసురుతాడు. అవధాని విసుక్కోకూడదు, దాటవేయకూడదు. సభ నవ్వేలా జవాబిచ్చి మళ్లీ పద్యంలోకి రావాలి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఆ ఊరి సంగతులు తగిలించి నవ్వించేదీ ఇలాగే. అయితే అవధాని శూన్యంలోంచి పద్యం తీయడు. ఛందస్సు, నిఘంటువు, వందల పద్యాల నడక ఏళ్ల తరబడి లోపల పోగుపడి ఉంటాయి. ఆట నడిపేవారికి అంత సాధన అక్కర్లేదు గానీ, లోపల కొంత సరుకు ఉండాలి. ఏ సరుకు అన్నదే ప్రశ్న.

చాలామంది ఇక్కడే పొరపడతారని మా అభిప్రాయం. జరగబోయేది రాసుకుంటారు. మొదట ఇది, తర్వాత అది, చివర్లో అది. పిల్లలు రెండో మలుపులోనే వేరే దారి పడతారు. అప్పుడు వాళ్లను బలవంతాన దారికి తెచ్చినా, కాగితం చింపి పారేసినా ఆట చెడుతుంది. రాసుకోవాల్సింది ఎవరికి ఏం కావాలో.

ఒక కథ అనుకుందాం. ఊరి చెరువు తూము రాత్రిళ్లు ఎవరో మూసేస్తున్నారు. దిగువ మళ్లకు నీళ్లందడం లేదు. పిల్లలు కారణం కనిపెట్టాలి. మీ దగ్గర ముగ్గురే మనుషులు. చేపల కాంట్రాక్టరుకు చేపలు ఎదిగేదాకా చెరువులో నీళ్లు తగ్గకూడదు. నీరటికాడికి అప్పు తీరాలి, అందుకే కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకున్నాడు. కట్ట మీద పునుగులు వేసే అవ్వకు పట్నంలో చదివే మనవడి మీదే ధ్యాస. కాగితం మీద ఇంతకు మించి అక్కర్లేదు.

పిల్లలు నీరటికాడిని వదిలేసి అవ్వ మీద పడ్డారు. ‘అర్ధరాత్రి నీ పొయ్యి ఎందుకు వెలిగింది?’ అని నిలదీశారు. పొయ్యి వెలిగిన సంగతి మీరేదో రంగు కోసం అన్న మాట, కారణం మీకూ తెలియదు. కానీ అవ్వకేం కావాలో తెలుసు. జవాబు అక్కడి నుంచే వస్తుంది: తెల్లవారి మొదటి బస్సుకు మనవడికి జంతికలు పంపాలి, అందుకే రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుంది. కూర్చుంది కనుక కట్ట మీద లాంతరుతో నడిచిన మనిషిని చూసింది. పిల్లలు తప్పు తలుపు కొట్టినా కథ ముందుకే కదిలింది.

అమెరికన్ రచయిత మైక్ షియా 2018లో తెచ్చిన తన పుస్తకంలో చెప్పిన కిటుకు ఇక్కడ పనికొస్తుంది. ఒక్కో ఆటకు పది రహస్యాలు రాసుకోమంటాడు. అవి ఎక్కడ దొరుకుతాయో, ఎవరు చెబుతారో మాత్రం రాయొద్దంటాడు. పిల్లలు ఎటు వెళ్తే అటు ఒకటి పెట్టేయడమే. మనకు పీరియడు చిన్నది, నాలుగైదు చాలు.

మరి పిల్లలు అవ్వే దొంగ అని గట్టిగా నమ్మితే ఆమెనే దొంగను చేసేయొచ్చా? కొందరు చేసేస్తారు, పిల్లలు సంతోషిస్తారని. మాకది నచ్చదు. ఆధారం దొరికే చోటు మార్చవచ్చు గానీ, తూము మూసినవాడిని మార్చకూడదు. ఏం ఊహించినా అదే నిజమైపోతుందని తెలిసిన రోజు పిల్లలు ఆలోచించడం మానేస్తారు.

ఇంకో కాగితం తప్పనిసరి, పేర్ల జాబితా. పిల్లలు మొదట అడిగేది ‘ఆయన పేరేంటి?’ అనే. మీరు తడుముకున్నారంటే ఆ మనిషి ముఖ్యం కాదని వాళ్లు పట్టేస్తారు. పది పేర్లు ముందే రాసి పెట్టుకోండి. హోసూరులో అయితే హోసూరులో వినిపించే పేర్లు, బరంపురంలో అయితే బరంపురానివి.

ఇక పిల్లలు చెప్పింది ఒప్పుకోవడం. ఈ విషయంలో షికాగోకు చెందిన వయోలా స్పోలిన్‌ను తలచుకోవాలి. అక్కడి హల్ హౌస్‌లో నీవా బాయిడ్ దగ్గర పిల్లల ఆటలతో బోధించే పద్ధతి నేర్చుకున్నారు ఆమె. 1930ల చివర్లో, వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో నాటకం వేయించాల్సి వచ్చింది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాషగా పెరుగుతున్న పిల్లలు. రాసిన సంభాషణలు బట్టీ పట్టిస్తే పని జరగదని చిన్న చిన్న ఆటలు కట్టారు. 1963లో వచ్చిన ఆమె పుస్తకం ఆశునాటకానికి పాఠ్యగ్రంథమైంది. ఎదుటివాడు ఇచ్చినదాన్ని తీసుకుని దాని మీద ఇంకొకటి పేర్చాలన్నది ఆశునాటకం ఆడేవారందరి మొదటి సూత్రం. కాపలా ఆయనకు ఆకలా? ‘అవును, నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు. కానీ యజమాని పైనుంచి చూస్తున్నాడు.’ ఒప్పుకోవడమంటే అన్నీ ఇచ్చేయడం కాదు, అవును వెనకాలే ఒక చిక్కు రావాలి.

సోలాపూర్ నుంచి యానాం దాకా ఈ పేజీ చదివే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గమనించాల్సింది ఇక్కడుంది. పాఠంలో పిల్లవాడు తెలుగులో జవాబు చెబుతాడు. ఇంట్లో ‘ఊ’, ‘వస్తున్నా’ అంటాడు. బేరమాడటం, బతిమాలడం, బుకాయించడం, సాకు చెప్పడం ఈ రెండు చోట్లా తక్కువే. అవ్వతో అవన్నీ చేయాలి, ఎందుకంటే అవ్వకు తెలుగు తప్ప రాదు. మధ్యలో కన్నడమో తమిళమో దొర్లితే ఆట ఆపి దిద్దకండి. ‘ఏందయ్యా, బెల్ల అంటావు, బెల్లం కావాలా?’ అని అవ్వ గొంతుతోనే అనండి. మాట దిద్దుకుంటుంది, పిల్లవాడు చిన్నబుచ్చుకోడు. చేపల కాంట్రాక్టరును మాత్రం మీ రాష్ట్రపు భాష మాట్లాడేవాడిని చేయండి. అప్పుడు అవ్వకూ అతనికీ మధ్య దుబాసీగా నిలబడే పిల్ల ఆ పూట కథకు నాయిక. రెండు భాషలు రావడం అక్కడ ఒక అస్త్రం. దీనికి మార్కులు వేయకూడదని వేరే చెప్పాలా? మార్కు కనిపించగానే పిల్లలు అవ్వతో మాట్లాడటం మానేసి మీతో మాట్లాడతారు.

పాచికల కోసం వెతకక్కర్లేదు. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు చాలు. మూడో నాలుగో వెల్లకిలా పడితే అనుకున్నది జరిగింది. రెండు పడితే జరిగింది గానీ ఏదో నష్టంతో. ఒకటి పడినా, ఏదీ పడకపోయినా కొత్త కష్టం. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ ఆట రెండు పాచికలతో ఇలాగే మూడు రకాల ఫలితాలు తీస్తుంది. నడుమ ఫలితమే ఎక్కువ రుచి. తూము తెరుచుకుంది, చప్పుడుకు కుక్కలు లేచాయి. అన్నీ బోర్లా పడితే ‘అది అష్ట టీచర్, మేమే గెలిచాం’ అని తగువు పడతారు. ఒప్పేసుకోండి. ఏం చేసినా ఓడినప్పుడు కథ ఆగకూడదు. ఆధారం దొరకలేదని చెప్పడం కంటే, దొరికింది గానీ నీరటికాడు చూసేశాడని చెప్పడం మేలు.

నలభై మంది ఉన్న తరగతిలో ఇది ఎలా అంటారా? ఒక్కరే నలభై మందిని ఆడించలేరు, ప్రయత్నించనూ వద్దు. తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మందికి ముందు మీరు ఆడించి చూపండి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఐదుగురు చిన్నపిల్లలను అప్పగించండి. మీరు బల్లల మధ్య తిరుగుతూ, గట్టిగా మాట్లాడేవాడే ఆట మొత్తం లాక్కుపోకుండా ‘నువ్వేం చేస్తున్నావు?’ అని మిగతావారిని అడుగుతుంటే చాలు.

ఆట ముగియగానే అప్పటికప్పుడు కల్పించినవన్నీ నోటు పుస్తకంలో ఎక్కించండి. మీరు మరిచిపోతారు, పిల్లలు మరవరు. ‘పోయిన వారం అవ్వకు ఒక కన్ను కనిపించదన్నారు, చీకట్లో లాంతరు మనిషిని ఎలా గుర్తుపట్టింది?’ అని ఐదో తరగతి పిల్ల ఎవరో ఒకరు అడుగుతారు. మీకు జవాబు తోచకపోతే ఆ పిల్లనే అడగండి: ‘అవును కదా, ఎలా గుర్తుపట్టి ఉంటుంది?’