పెంపుడు చేపల మేత – ప్రజల ఆరోగ్యము

ఢిల్లీలోని గాజీపూరు చేపల బజారులో గాని, మన ఊరి సంతలో గాని అమ్మకమునకు వచ్చు బొచ్చె, శీలావతి చేపలలో అధికభాగము చెరువులలో పెంచినవే. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేటి పరిసర గ్రామముల నుండి ఇట్టి చేపలు మంచులో పెట్టబడి దూరప్రాంతములకు చేరుచున్నవి. నదిలోని చేప తన ఆహారమును తానే వెదకికొనును; చెరువులోని చేప చాలవరకు రైతు పెట్టిన దానిపై ఆధారపడును. కావున చేపల మేతను గూర్చి రైతులేగాక, చేపలు తినువారందరును తెలిసికొనుట మంచిది.

చెరువునీటిలో పుట్టు నాచు, సూక్ష్మజీవులు చేపకు సహజాహారము. చేపలను దట్టముగా పెంచునపుడు ఇది చాలదు. అందుచే కొల్లేటి రైతులు నూనె తీసిన తవుడును, వేరుసెనగ చెక్కను గాని పత్తిగింజల చెక్కను గాని కలిపి, రంధ్రములు గల సంచులలో నింపి, వెదురు గడలకు కట్టుదురు. చేపలు ఆ రంధ్రముల యొద్దకు వచ్చి మేయును. తవుడు శక్తి నిచ్చును. చెక్క మాంసకృత్తుల నిచ్చును.

అయినను ఈ రెండే సర్వమును సమకూర్చజాలవు. మనుష్యునివలెనే చేపలలో పెక్కు జాతులు విటమిన్ సి ని తమ దేహములో తయారుచేసికొనలేవు. అది లోపించిన పిల్లచేపల వెన్నెముక వంకరపోవును. గాయములు త్వరగా మానవు. చేప సున్నపు ధాతువును మొప్పల ద్వారా నీటినుండి గ్రహింపగలదు. భాస్వరమును మాత్రము ముఖ్యముగా మేతనుండియే పొందవలెను. తవుడులోని భాస్వరములో అధికభాగము చేపకు జీర్ణము కాదు. కనుకనే మేతలో ఖనిజలవణముల మిశ్రమమును, విటమినులను తగుపాళ్లలో చేర్చుదురు. ఇవి మేతకు తోడేగాని మేతకు బదులు కావు. నీటిలో ప్రాణవాయువు తగ్గి, వేకువను చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో, మేతను ఆపి, నీటిని బాగుచేయవలెను. అప్పుడు ఏ విటమినును పనిచేయదు.

తడిసి బూజుపట్టిన చెక్క మిక్కిలి ప్రమాదకరము. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుసెనగ పిండి తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయెను. ఆ పరిశోధనలోనే అఫ్లటాక్సిన్ అను విషము బయల్పడినది. ఇది చేపల కాలేయమును చెఱచి, ఎదుగుదలను కుంటుపఱచును. మేతను ఎండలో ఆరబెట్టినంత మాత్రమున ఈ విషము పూర్తిగా పోదు. కావున చెక్కను నేలకు ఎత్తుగా, పొడిచోట నిలువచేయవలెను, బూజుపట్టినదానిని పారవేయవలెను.

పోషకములు వేరు, ఔషధములు వేరు. త్వరగా పెరుగునను ఆశతో యాంటీబయాటిక్ మందులను మేతలో కలుపుట తగదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను చేపల పెంపకములో వాడుట మన దేశమున నిషిద్ధము. వీని అవశేషములు వంటలో పూర్తిగా నశింపవు. అంతకంటె పెద్ద కీడు మఱియొకటి కలదు. మందుకు అలవాటుపడిన సూక్ష్మజీవులు చెరువులో వృద్ధిపొంది, నీటి ద్వారా, చేపల ద్వారా మనుష్యులకు సోకవచ్చును. అప్పుడు రోగికి అదే మందు ఇచ్చినను గుణము కనిపింపదు. ఈ ముప్పును ఎదుర్కొనుటకే 2017లో భారత ప్రభుత్వము జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది.

శుభ్రమైన మేత, తగినంత ప్రాణవాయువు గల నీరు, హద్దు మీఱని సాంద్రత — ఈ మూడును ఉన్నచోట మందుల అవసరము చాల తగ్గును. చేపకు జబ్బు కనిపించినచో దుకాణదారుని మాటపై మందు చల్లక, మత్స్యశాఖ అధికారిని సంప్రదింపవలెను. చెరువును కాపాడిన రైతు, తన చేపను తిను కుటుంబములను గూడ కాపాడినవాడగును.