పాత మిద్దెకు సిమెంటు పూత మేలా?

కర్నూలు నుండి నంద్యాలకు పోవు దారిలో ఓర్వకల్లు ఉన్నది. అచ్చటి స్ఫటిక శిలల వనమును చూడ వచ్చువారు పెక్కుమంది; ఆ సీమలోని పాత మిద్దెలను తేరిపార జూచువారు తక్కువ. విక్టోరియా రాణి కాలమున (1837-1901) ఇంగ్లండులో లేచిన ఇటుక ఇండ్లకు వచ్చిన చిక్కే వీటికిని వచ్చినది. గోడ పెచ్చులూడగానే యజమాని సిమెంటు పూయించును. కొన్ని ఏండ్లకు ఆ పూత ఉబ్బి, ఇటుక పొరతో సహా ఊడిపడును. తప్పు మేస్త్రీదా, ఇటుకదా?

రెండును కావు. పాత ఇటుక నిండ సన్నని రంధ్రములుండును. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు అది నేలలోని తేమను పైకి పీల్చును. సున్నపు పూత గుండా ఆ తేమ ఆవిరియై పోవును. వెంట వచ్చిన లవణములు పూతపై తెల్లగా తేలును, చీపురుతో దులిపిన చాలును. సిమెంటు పూత ఈ దారిని చాలవరకు మూసివేయును. అప్పుడు తేమ గోడలో ఇంకను పైకెక్కును. లవణములు ఇటుక లోపలనే స్ఫటికములై పెరిగి దానిని చీల్చును. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలును ముంచినది. అట్లు నానిన గోడ ఆరవలెనన్న ఊపిరాడు పూతయే కావలెను.

సున్నము ఎట్లు గట్టిపడును? సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినచో కార్బన్ డయాక్సైడు వెడలిపోవును. మిగిలిన పొడిసున్నము నీటితో కలిసి తడిసున్నమగును. గోడకెక్కిన పిదప అది గాలిలోని కార్బన్ డయాక్సైడును తిరిగి గ్రహించి, మెల్లమెల్లగా మరల రాయియగును. ఇసుక చేర్చి గానుగలో రుబ్బి, ఇటుకపొడి కలిపిన సున్నము తడిలోను గట్టిపడును. ఓపిక లేనివారికి ఇది పని కాదు! 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటు త్వరగా బిగియును గనుకనే అందరికిని ప్రియమైనది.

ఇక కప్పు. దూలములపై మన్ను పరచి, పైన చవుడు పోయుట రాయలసీమ పద్ధతి. చవుడులో సోడియము అధికము. తడియగానే దానిలోని బంకమట్టి రేణువులు చెదరి, ఉబ్బి, సందులను పూడ్చును. వాననీరు లోనికి దిగదు. పొలమునకు శాపమైన గుణమే మిద్దెకు గొడుగైనది. దీనిపై 10 సెంటీమీటర్ల కాంక్రీటు పోసినచో చదరపు మీటరుకు దాదాపు 240 కిలోల బరువు అదనముగా పడును. పాత దూలము దానిని మోయగలదో లేదో ముందుగా చూడవలెను.

విద్యుత్తు తీగలకై గోడను లోతుగా చెక్కక, పైపైన గొట్టములలో నడుపుట మేలు. స్నానపు గదిని పాత గోడకు ఎడముగా పెరటిలో కట్టుకొనవచ్చును.

పాఠశాలలో ఒక పరీక్ష చేయవచ్చును. రెండు ఇటుకలకు అన్ని ప్రక్కల, ఒకదానికి సున్నము, మరొకదానికి సిమెంటు పూసి, పూత బాగుగా గట్టిపడిన పిదప నీటిలో నానబెట్టవలెను. తరువాత నీడలో నిలిపి, ప్రతిదినము తూచి, ఏది ముందుగా తేలికపడునో వ్రాసికొనవలెను.