పురుగుల చదువు

ఇంటర్మీడియెట్ ముగించిన విద్యార్థి పురుగులను గూర్చి చదువుకొందునని చెప్పినచో, ఇంట పెద్దలు అడిగే ప్రశ్న ఒకటున్నది: "పురుగులను చంపే చదువా, బ్రతికించే చదువా?" ఎకసక్కెముగా అన్నను, అది అడుగదగిన ప్రశ్నయే. మన దేశమున కీటకశాస్త్రము చిరకాలముగా వ్యవసాయవిద్యకు అంగముగా పెరిగినది. వరిలో కాండము తొలిచే పురుగు, పత్తిలో కాయ తొలిచే పురుగు, వాటి నివారణ - అందు ప్రధానమైనవి ఇవి. కీటకముల జీవావరణము, సంరక్షణ అను పేరుతో బి.యస్సీ. పట్టా మనవైపు కళాశాలలలో సాధారణముగా దొరకదు. కాబట్టి ఆ కోరిక గలవాడు, ఉన్న విషయములలో నుండియే తన చదువును తాను కూర్చుకొనవలెను.

ఆ కూర్పులో ఏమేమి ఉండవలెనో ఇంగ్లండులోని ఒక సీతాకోకచిలుక కథ వలన తెలియును. 'లార్జ్ బ్లూ' అను ఆ నీలిరెక్కల జాతి అక్కడ ఏటేట తరిగిపోజొచ్చినది. వలలు పట్టుకొని తిరిగే సేకరణదారులే కారణమని తలచి ఒకచోట దాని నెలవుకు కంచె కూడ వేసినారు. కంచెలోపల అది మరింత త్వరగా మాయమైనది! 1970 దశకమున జెరెమీ థామస్ అను శాస్త్రజ్ఞుడు దాని జీవితమును ఓపికతో పరిశీలించి అసలు సంగతి కనుగొన్నాడు. దాని గొంగళిపురుగు థైమ్ అను చిన్న సుగంధపు మొక్క పూలను కొన్ని వారములు మాత్రమే తిని నేలకు జారును. ఒక ఎఱ్ఱచీమ దానిని తమ పిల్లయే యని భ్రమించి పుట్టలోనికి మోసికొనిపోవును. అది అక్కడ చీమల పిల్లలనే తినుచు సుమారు పది నెలలు గడుపును. ఆతిథ్యమునకు ఇంతటి ప్రతిఫలము మరెక్కడనైన కలదో లేదో! ఐతే అన్ని చీమల పుట్టలు దానికి అచ్చిరావు. ఒక్క జాతి చీమ పుట్టలోనే అది చక్కగా బ్రతుకును. ఆ చీమకు ఎండ తగిలి వేడెక్కిన నేల కావలెను. అందుకు గడ్డి పొట్టిగా ఉండవలెను. గడ్డి పొట్టిగా ఉండుటకు పశువులో కుందేళ్లో మేయవలెను. పశువులను కంచె ఆపినది. 1953లో ఇంగ్లండు చేరిన ఒక అంటురోగము కుందేళ్లను తుడిచిపెట్టినది. ఈ గుట్టు తెలిసేసరికి ఆలస్యమైనది. 1979లో ఆ జాతి బ్రిటనులో అంతరించినది. 1983 మొదలు స్వీడనునుండి తెచ్చి, మేతను సరిదిద్దిన నేలలలో విడువగా మరల నిలదొక్కుకొన్నది.

సీతాకోకచిలుకను మాత్రమే చదివినవానికి ఈ చిక్కు విడదు. అందుచేత జంతుశాస్త్రముతోబాటు వృక్షశాస్త్రమును చేర్చి తీసుకొనుట మేలు. మన జిల్లేడు ఆకులను తిని పెరిగే గొంగళి ఏ సీతాకోకచిలుకగా మారునో తెలియవలెనన్న, ముందు జిల్లేడును ఎరుగవలెను గదా. వ్యవసాయ పట్టాను చిన్నచూపు చూడరాదు. పురుగు శరీరనిర్మాణమును, వర్గీకరణను అందు క్రమముగా నేర్పుదురు. పిమ్మట యం.యస్సీ.లో దారి మార్చుకొనవచ్చును. 2020 జాతీయ విద్యావిధానము ప్రకారము నాలుగవ సంవత్సరమున పరిశోధనకు వీలు కల్పించు కళాశాల దొరికినచో మరీ మంచిది.

లెక్కలకు జంకి జీవశాస్త్రములోనికి వచ్చినవారికి ఒక చేదుమాట చెప్పక తప్పదు: గణాంకశాస్త్రము లేక ఈ చదువు సాగదు. జర్మనీలో క్రెఫెల్డ్ కీటకశాస్త్ర సంఘమువారు 63 రక్షిత ప్రదేశములలో ఒకే తీరు వలలు పన్ని, పడిన పురుగులను తూచి, ఏళ్ల తరబడి వ్రాసి ఉంచినారు. వారిలో పలువురు ఉద్యోగరీత్యా శాస్త్రజ్ఞులు కారు. ఆ తూకములను లెక్కకట్టగా, 27 సంవత్సరములలో ఎగిరే కీటకముల మొత్తపు బరువు 75 శాతమునకు పైగా తగ్గినదని 2017లో లోకమునకు తెలిసినది.

ఇట్టి అభ్యాసమునకు కళాశాలలో చేరువరకు ఆగనక్కరలేదు. తొలకరి వానలకు కనిపించే ఆరుద్ర పురుగు కాళ్లను పిల్లలచేత లెక్కపెట్టించిన ఉపాధ్యాయుడు, అది ఎనిమిది కాళ్లది గనుక కీటకమే కాదని వారిచేతనే చెప్పించగలడు. ఊరి చెరువుగట్టున ఒక వంద అడుగుల మేర గుర్తుపెట్టుకొని, వారమునకొక ఉదయము, అదే వేళకు తూనీగలను లెక్కించవచ్చును. తేదీ, వేళ, ఎండ, గాలి వ్రాయవలెను. ఒక్కటియు కనిపించని నాడు పుట విడిచిపెట్టక, 'సున్న' అని వ్రాసి రావలెను.