శరణార్థులు ఖాళీగా ఎందుకు కూర్చుంటారు? జర్మనీ చెప్పిన 7 నెలల లెక్క

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది శరణార్థుల గురించి. ప్రాణభయంతో సొంత దేశం వదిలేసి వేరే దేశానికి వచ్చినవాళ్ళ గురించి.

ఈ టాపిక్ ఎప్పుడొచ్చినా కామెంట్లలో రెండే రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి, "పాపం, ఏదో ఒక సాయం చేయాలి". రెండోది, "వేరేవాళ్ళ ట్యాక్స్ డబ్బుతో ఊరికే కూర్చుని తింటున్నారు". ఈ రోజు నేను ఆ రెండో మాటనే పట్టుకుంటాను. సరే, ఊరికే కూర్చున్నారనే అనుకుందాం. ఎందుకు కూర్చున్నారు? చాలా దేశాల్లో దీనికి జవాబు చాలా సింపుల్. పని చేయడానికి వాళ్ళకి పర్మిషన్ లేదు. బద్ధకం సంగతి తర్వాత, ముందు రూలే పని చేయొద్దంటోంది.

ముందు రెండు పదాలు క్లియర్ చేసుకుందాం. ఒకటి రెఫ్యూజీ, అంటే శరణార్థి. ఇంకోటి అసైలమ్ సీకర్, అంటే శరణు కోరి దరఖాస్తు పెట్టుకున్న మనిషి. 1951లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఒక ఒప్పందం కుదిరింది. జాతి, మతం, దేశం, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గం అన్న కారణాలతో వేధిస్తారన్న భయం ఉండి, ఆ భయానికి ఆధారం కూడా ఉంటే, ఆ మనిషి శరణార్థి. కానీ ఆ మాట ఎవరో ఒకరు విచారించి తేల్చాలి కదా. తేలేదాకా ఆయన స్టేటస్ పెండింగ్. ఆ పెండింగ్ నెలలు పట్టొచ్చు, ఏళ్ళు కూడా పట్టొచ్చు. మన కథ మొత్తం ఆ పెండింగ్ చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకి బ్రిటన్ చూడండి. అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న రూల్ ఏంటంటే, శరణు కోరిన మనిషి మామూలుగా పని చేయకూడదు. ఆయన తప్పు లేకుండా నిర్ణయం 12 నెలలు దాటి ఆలస్యమైతే అప్పుడు పర్మిషన్ అడగొచ్చు. అది వచ్చినా, ప్రభుత్వం లిస్టులో పెట్టిన ఉద్యోగాలు మాత్రమే చేయాలి. అంటే మొదటి ఏడాది మొత్తం ఖాళీ.

ఏడాదే కదా, తర్వాత పని చేసుకుంటారులే అనిపిస్తుంది. అక్కడే అసలు విషయం ఉంది.

అనుకోకుండా జరిగిన ఏ/బీ టెస్ట్

మనం వాడే యాప్‌లలో ఏ/బీ టెస్ట్ అని చేస్తారు. సగం మందికి ఒక స్క్రీన్, మిగతా సగానికి ఇంకో స్క్రీన్ చూపించి, ఏది బాగా పని చేసిందో లెక్క తీస్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇది రోజువారీ పని. మనుషుల జీవితాల మీద అలాంటి టెస్ట్ కావాలని పెట్టలేం. కానీ జర్మనీలో అది దానంతట అదే జరిగిపోయింది.

1997లో జర్మనీ ఒక రూల్ పెట్టింది. కొత్తగా శరణు కోరి వచ్చేవాళ్ళు పని చేయకూడదు అని. 2001 మొదట్లో ఆ రూల్ సడలించి, వచ్చిన 12 నెలల తర్వాత పని చేయొచ్చు అన్నారు. సరిగ్గా ఆ మధ్యలోనే యుగోస్లావియా యుద్ధాల నుంచి జనం వస్తున్నారు. 1999లో వచ్చినవాళ్ళు సగటున 19 నెలలు ఆగాల్సి వచ్చింది. 2000లో వచ్చినవాళ్ళు 12 నెలలు ఆగారు. వచ్చింది అదే ప్రాంతం నుంచి, వెళ్ళింది అదే దేశానికి. పెద్ద తేడా అల్లా ఆ 7 నెలలే.

మోరిట్స్ మార్బాక్, యెన్స్ హైన్‌ముల్లర్, డొమినిక్ హాన్‌గార్ట్‌నర్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ రెండు గుంపులని పోల్చి చూశారు. 2018లో ఆ పరిశోధన బయటికొచ్చింది. రూల్ సడలించిన 5 ఏళ్ళ తర్వాత, 2000లో వచ్చినవాళ్ళలో దాదాపు 49 శాతం మందికి ఉద్యోగం ఉంది. 1999లో వచ్చినవాళ్ళలో ఎంతమందికి? దాదాపు 29 శాతం మందికి.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. 5 ఏళ్ళ తర్వాత అంటే రెండు గుంపులకీ పని చేసే పర్మిషన్ ఎప్పుడో వచ్చేసింది. అయినా 20 పాయింట్ల తేడా! ఆ తేడా పూర్తిగా పోవడానికి 10 ఏళ్ళ దాకా పట్టింది. ఈ నిషేధం వల్ల జర్మనీ ఖజానాకి సగటున ఏడాదికి 4 కోట్ల యూరోలు పోయాయని కూడా వాళ్ళు లెక్క వేశారు. కొంత భత్యాల కింద ఖర్చు, కొంత రాకుండా పోయిన ట్యాక్స్. అంటే డబ్బు మిగుల్చుకోవాలని చూసినా సరే, ఆ రూల్ నష్టమే తెచ్చింది.

స్విట్జర్లాండ్ మీద 2016లో వచ్చిన ఇంకో పరిశోధన కూడా ఇదే చెప్పింది. దరఖాస్తు తేలడానికి ఒక్క ఏడాది ఎక్కువ పడితే, ఆ తర్వాత ఉద్యోగం దొరికే రేటు 4 నుంచి 5 పాయింట్లు పడిపోతోంది.

ఖాళీగా ఉంటే ఏం పోతుంది?

7 నెలలకి ఇంత దెబ్బ ఎందుకు? ఇది తెలుగు ఇళ్ళకి కొత్త విషయమేమీ కాదు. పెళ్ళై అమెరికా వెళ్ళి, హెచ్4 వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన అక్కలని అడగండి. ఇక్కడ మంచి ఉద్యోగం చేసి వెళ్ళినవాళ్ళే. 2015 దాకా హెచ్4 మీద పని చేసే వీలే లేదు, ఆ తర్వాత కొందరికి మాత్రం దొరికింది. వాళ్ళు శరణార్థులు కాదు, వాళ్ళ కష్టాన్ని ప్రాణభయంతో పోల్చలేం. కానీ రూల్ వల్ల ఖాళీగా ఉంటే మనిషికి ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు. చేతిలో పని పాతబడిపోతుంది. రెజ్యూమెలో గ్యాప్ వస్తుంది. అన్నిటికంటే ముందు, "నా వల్ల అవుతుందా" అన్న అనుమానం మొదలవుతుంది.

శరణార్థికి ఇంకోటి కూడా పోతుంది. కొత్త దేశంలో భాష, పరిచయాలు ఎక్కువగా పని చేసే చోటే వస్తాయి. క్యాంపు గదిలో రావు.

మరి జర్మనీ తర్వాత ఏం చేసింది?

2014లో ఈ వెయిటింగ్‌ని 9 నెలల నుంచి 3 నెలలకి తగ్గించారు. అయితే ప్రభుత్వ క్యాంపుల్లో ఉండాల్సినవాళ్ళకి ఆ తర్వాత కూడా ఎక్కువ రోజులే పట్టింది. ఇంతలో 2015, 2016 వచ్చాయి. సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్ నుంచి వచ్చినవాళ్ళతో కలిపి ఆ రెండేళ్ళలో 11 లక్షలకి పైగా కొత్త దరఖాస్తులు పడ్డాయి. అంతమందికి పర్మిషన్ ఒక్కటి ఇస్తే సరిపోదు కాబట్టి, దాని పక్కన మూడు పనులు నడిపారు.

మొదటిది భాష. ఇంటిగ్రేషన్ కోర్స్ అని ఉంటుంది. మామూలు కోర్సులో 600 గంటలు జర్మన్ భాష, 100 గంటలు అక్కడి చట్టం, చరిత్ర, సమాజం. టార్గెట్ బీ1 లెవెల్. జర్మనీలో చదువు కోసం భాషా క్లాసులకి వెళ్తున్న మన పిల్లలకి ఈ ఏ1, బీ1 గోల తెలిసిందే. మనం ఇక్కడ తాపీగా నేర్చుకునేది, వాళ్ళు అన్నీ పోగొట్టుకుని వచ్చి నేర్చుకోవాలి.

రెండోది సర్టిఫికెట్లు. ఇల్లు కూలిపోయినప్పుడు డిగ్రీ కాగితం ఎవరు తెస్తారు? 2012 నుంచి జర్మనీలో విదేశీ అర్హతలని గుర్తించే చట్టం ఉంది. చేతిపనులు, ట్రేడ్‌ల విషయంలో కాగితం లేకపోయినా దారి ఉంది. నిపుణుల ముందు పని చేసి చూపించాలి. ఎలక్ట్రీషియన్ అయితే వైరింగ్ చేసి చూపిస్తాడు. పని వచ్చో రాదో చెయ్యి చూస్తేనే తెలిసిపోతుంది.

మూడోది ట్రైనింగ్. జర్మనీలో ఆస్‌బిల్డుంగ్ అంటారు, కంపెనీలో పని చేస్తూ, వృత్తి స్కూల్‌లో చదువుతూ మూడేళ్ళు నేర్చుకునే పద్ధతి. 2016లో "3 ప్లస్ 2" అనే రూల్ తెచ్చారు. దరఖాస్తు తిరస్కరించినా సరే, ట్రైనింగ్‌లో ఉన్న మనిషి షరతులకి లోబడి ఆ 3 ఏళ్ళు, తర్వాత ఉద్యోగంలో ఇంకో 2 ఏళ్ళు ఉండొచ్చు. ఇది శరణార్థికి ఎంత అవసరమో కంపెనీకీ అంతే అవసరం. రేపు పంపించేస్తారేమో అన్న కుర్రాడికి ఏ ఓనరూ పని నేర్పించడు కదా.

రిజల్ట్ ఏంటి? 2015లో వచ్చినవాళ్ళలో 2024 నాటికి 64 శాతం మంది ఉద్యోగాల్లో ఉన్నారు. జర్మనీ మొత్తం సగటు 70 శాతం. అంటే దాదాపు దగ్గరికి వచ్చేశారు. కానీ ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. మగవాళ్ళలో 76 శాతం, ఆడవాళ్ళలో 35 శాతం మాత్రమే. చిన్న పిల్లలుంటే భాషా క్లాసుకి ఎవరు వెళ్తారు? పిల్లల్ని చూసుకునే సెంటర్లో సీటు దొరక్కపోతే తల్లి ఇంట్లో ఆగిపోతుంది. చట్టం పని చేయొచ్చు అన్నా, ఇల్లు దాటలేకపోతే ఆమె వెయిటింగ్ ఇంకా నడుస్తున్నట్టే లెక్క.

అవతలి వాదన

"వెంటనే పని ఇస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు కదా? రేపు దరఖాస్తు రిజెక్ట్ అయితే పరిస్థితి ఏంటి?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. రెండోదానికి 3 ప్లస్ 2 లాంటి రూల్స్ కొంతవరకు జవాబు. అన్నిటికంటే పెద్ద జవాబు, దరఖాస్తుని త్వరగా తేల్చడం. మొదటి ప్రశ్నకి 2022 ఉక్రెయిన్ యుద్ధం అప్పుడు యూరోప్ ఏం చేసిందో చూడండి. 2001లో రాసిపెట్టుకున్న ఒక చట్టాన్ని మొదటిసారి బయటికి తీసి, ఉక్రెయిన్ వాళ్ళకి మొదటి నుంచే పని చేసే హక్కు ఇచ్చారు. తలుచుకుంటే చేయగలరని తేలిపోయింది. అదే హక్కు మిగతా దేశాల నుంచి వచ్చినవాళ్ళకి ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

మరి మన దగ్గర?

భారత్ 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఏళ్ళుగా ఉంటున్నాయి. చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంది. కానీ కేంద్ర ప్రభుత్వం వాళ్ళని అక్రమ వలసదారులనే అంటోంది, ఆ కార్డుతో పని చేసే హక్కు రాదు. అందుకే కూలి పని, చెత్త ఏరడం, చిన్న చిన్న కొట్లు. కూలి ఎగ్గొడితే స్టేషన్‌కి వెళ్ళి అడగాలన్నా భయమే. వాళ్ళని ఉండనివ్వాలా వద్దా అన్నది పెద్ద రాజకీయ చర్చ, అది కోర్టుల దాకా వెళ్ళింది. మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ పెండింగ్‌లోనే ఇంతకాలం గడిచిపోతే ఏమవుతుందో జర్మనీ లెక్క మనకి చెప్పేసింది. ఇక్కడ పుట్టి, ఇక్కడి స్కూల్లో చదువుకుంటున్న పిల్లలకి ఆ లెక్క ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మనం ఏం చేయగలం?

జర్మనీలో ఐటీలో ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా చూస్తుంటే, 2015లో బెర్లిన్‌లో మొదలైన రెడీ స్కూల్ గురించి ఒకసారి చూడండి. శరణార్థులకి, వలస వచ్చినవాళ్ళకి కోడింగ్, కంప్యూటర్ బేసిక్స్ నేర్పిస్తారు. నేర్పేవాళ్ళలో వాలంటీర్‌గా వచ్చే ఇంజనీర్లు చాలామంది ఉంటారు. మీకు వచ్చిన పనే అది.

కెనడాలో ఇంకో పద్ధతి ఉంది. 5 మంది పౌరులో, పీఆర్ ఉన్నవాళ్ళో కలిసి ఒక శరణార్థి కుటుంబాన్ని స్పాన్సర్ చేసి, ఏడాది పాటు ఇల్లు, ఖర్చు, పిల్లల స్కూల్ అన్నీ చూసుకోవచ్చు. 1979, 80లలో వియత్నాం వైపు నుంచి వచ్చిన 60 వేల మందిలో సగానికి పైగా ఇలా మామూలు జనం స్పాన్సర్ చేసినవాళ్ళే. 2024 నవంబర్‌లో ఈ 5 మంది గ్రూపుల కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపారు, కాబట్టి ఇప్పుడు రూల్ ఎలా ఉందో చెక్ చేసుకోండి. కానీ ఇప్పటికే వచ్చిన కుటుంబానికి బస్ కార్డు ఎక్కడ తీసుకోవాలో, రెజ్యూమె ఎలా రాయాలో చెప్పడానికి ఏ రూలూ అడ్డం రాదు. కొత్త ఊళ్ళో ఉద్యోగం చాలాసార్లు తెలిసినవాళ్ళ ద్వారానే వస్తుంది. ఆ తెలిసినవాళ్ళు మీరే కావచ్చు.

ఇక్కడే ఉన్నవాళ్ళకి చిన్న పని. ఈసారి మీ ఫ్యామిలీ గ్రూప్‌లో "వీళ్ళు పని చేయరు" అని ఫార్వర్డ్ వస్తే, బాబాయితో గొడవ పెట్టుకోకండి. రెండు ప్రశ్నలు అడగండి. వాళ్ళు వచ్చి ఎన్నాళ్ళైంది? అక్కడ పని చేయడానికి వాళ్ళకి పర్మిషన్ ఉందా? ఈ రెండూ తెలియకుండా ఎవరినీ బద్ధకస్తులు అనలేం.

వీసా కోసమో, వర్క్ పర్మిట్ కోసమో ఖాళీగా ఎదురుచూసిన అనుభవం మీకుంటే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.