రిఫ్రిజిరేటరులో నిద్రపోయే తాబేలు

పిల్లలూ! మీ అన్నయ్య బెజవాడ నుంచి చదువుకోసం జర్మనీ వెళ్ళి, అక్కడ ఒక ఇంటివారి దగ్గర అతిథిగా ఉన్నాడనుకోండి. డిసెంబరు నెల. ఆ ఇంట్లో వంటగదిలో ఉన్నది కాక, మరొక చిన్న రిఫ్రిజిరేటరు ఉన్నది. తలుపు తీస్తే పాలూ లేవు, కూరలూ లేవు. మట్టీ, ఎండుటాకులూ నింపిన పెట్టె ఉన్నది. ఆకుల కింద ఇంటివారి పెంపుడు తాబేలు! అది చచ్చిపోయిందని మీ అన్నయ్య కంగారుపడితే ఇంటావిడ నవ్వుతుంది. అది నిద్రపోతున్నది. మార్చి దాకా లేవదు.

ఇది కట్టుకథ కాదు. ఐరోపాలో మెట్టతాబేళ్ళను పెంచేవారు చాలామంది చలికాలంలో ఇలాగే చేస్తారు.

మన ఒంట్లో వేడి ఎప్పుడూ ఇంచుమించు 37 డిగ్రీలు ఉంటుంది గదా! తాబేలుకు ఆ సదుపాయం లేదు. చుట్టూ చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది. చలి ముదిరితే తిన్నది అరగదు, కాళ్ళు ఆడవు. అందుకే అది మట్టిలో దూరి పడుకుంటుంది. కాని దాని పుట్టిల్లు ఇటలీ, గ్రీసు వంటి దక్షిణ దేశాలు. జర్మనీ తోటలో వదిలేస్తే గడ్డకట్టే చలికి ప్రాణం పోవచ్చు. వెచ్చని గదిలో ఉంచితే సరిగా నిద్రపోదు. ఎప్పుడూ 5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే చోటు ఇంట్లో ఇంకేమున్నది?

పడుకోబెట్టే ముందు కొన్నాళ్ళు మేత మానిపించి, గోరువెచ్చని నీళ్ళలో స్నానాలు చేయిస్తారు. కడుపు ఖాళీ కాకపోతే లోపలి ఆహారం కుళ్ళిపోతుంది.

ఇంటివారు పండక్కి ఊరు వెళ్ళారా, భారమంతా అతిథి మీదనే! రోజూ థర్మామీటరు చూడాలి. సున్నాకు దిగితే తాబేలు కళ్ళు పోవచ్చు. 10 డిగ్రీలు దాటితే సగం మెలకువ వచ్చి, ఒంట్లో దాచుకున్న కొవ్వును ఖర్చు పెట్టేస్తుంది. అప్పుడప్పుడు తలుపు తీసి గాలి ఆడనివ్వాలి. తరచు తూచాలి కూడా. 1000 గ్రాముల తాబేలు 900కు వచ్చిందంటే నిద్ర లేపవలసిందే. కుక్కకు ఆకలైతే అరుస్తుంది. దీని సంగతి త్రాసే చెప్పాలి.

తాబేలు ఉన్న ఇంటికి అతిథిగా వెళ్ళి పేరు పొందినవాడు ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు. ఆయన మేనత్త రింగ్మర్ గ్రామంలో ఒక తాబేలును సుమారు 40 ఏళ్ళు పెంచింది. వైట్ చుట్టపు చూపుగా వెళ్ళినప్పుడల్లా అది ఎప్పుడు మట్టిలో దూరుతుందో, ఎప్పుడు లేస్తుందో రాసుకునేవాడు. 1780లో అత్త చనిపోగా, నిద్రలో ఉన్న తాబేలును తవ్వి తీసి, గుర్రబ్బండిలో 80 మైళ్ళు ప్రయాణం చేయించాడు. కుదుపులకు దానికి మెలకువ వచ్చింది! తోటలో అటూ ఇటూ తిరిగి, సాయంత్రం చలి వేయగానే మళ్ళీ మట్టిలో దూరింది. వైట్ 1793లో, తాబేలు 1794లో చనిపోయాయి. అంతకాలం ‘తిమోతి’ అని మగపేరుతో పిలిచారు గాని, అది ఆడతాబేలని తరవాత తేలింది. దాని చిప్ప లండన్ మ్యూజియంలో ఉన్నది.

మన కృష్ణా డెల్టాలో అంత చలి ఎక్కడిది? ఇక్కడి తాబేలుకు కష్టకాలం వేసవి. కాలువలు కట్టేసి చెరువులు ఎండినప్పుడు మన నీటితాబేలు బురదలో దూరి, వాన కోసం కాచుకుంటుంది. దానిని గాని, మెట్టప్రాంతాల నక్షత్ర తాబేలును గాని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. జర్మనీలో కూడా ఊరికే పెంచనివ్వరు, తాబేలుకు కాగితాలుండాలి. ఏ రెండు తాబేళ్ళ చిప్పల మీదా గీతలు ఒకేలా ఉండవు గనుక, మన వేలిముద్రలలాగా చిప్పల ఫోటోలు ఆ కాగితాలకు జతచేస్తారు.

మన బురదలోని తాబేలుకు కాగితాలూ అక్కరలేదు, త్రాసూ అక్కరలేదు. తొలకరి పడి చెరువు నిండితే దానంతట అదే పైకి వస్తుంది.